బెయిలొచ్చినా బయటికి రాలేదు, ఏం చేయాలి?

ప్రశ్న: సార్, మాది మొగుళ్లపల్లి వైపు ఊరు. మా ఆయన హనుమకొండలో మేస్త్రీ పని చేస్తాడు. కూలి డబ్బుల దగ్గర గొడవై కర్రతో కొట్టాడని కేసు పెట్టారు, మూడేళ్ల దాకా శిక్ష పడే సెక్షనట. తెల్లారి కోర్టులో పెడితే 14 రోజులు రిమాండ్ వేశారు. తర్వాత బెయిలైతే ఇచ్చారు గానీ చెరో 20 వేలకు ఇద్దరు షూరిటీలు కావాలన్నారు. మావాళ్లంతా భూపాలపల్లి జిల్లా, ఆ కాగితాలు ఇక్కడ చెల్లవంటున్నారు. మూడు వారాలు దాటింది. కోర్టు గేటు దగ్గర ఒకాయన డబ్బులిస్తే షూరిటీలను తనే తెస్తానంటున్నాడు. ఇవ్వమంటారా?

జవాబు: వద్దు చెల్లెమ్మా, ఒక్క రూపాయి కూడా ఇవ్వకు. జామీను పడేవాళ్లు ఇంకెంత మందికి షూరిటీగా ఉన్నారో కోర్టుకు రాసివ్వాలి, ఆస్తి ఉందని వాళ్లు చూపినవి దొంగ ఇంటిపన్ను రశీదులని తేలితే మీ ఆయన బెయిలు పోవడమే కాదు, కొత్త కేసు కూడా మెడకు చుట్టుకుంటుంది.

వేరే జిల్లా షూరిటీ చెల్లదనడం తప్పు. 1978లో మోతీరాం అనే మేస్త్రీ కేసే సుప్రీంకోర్టు దాకా పోయింది, మధ్యప్రదేశ్‌లో ఆయన్ని పది వేలకు షూరిటీ అడిగి, తమ్ముడు ముందుకొస్తే ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నారు. జస్టిస్ కృష్ణయ్యర్ అది కుదరదని చెప్పి, వెయ్యి రూపాయల సొంత బాండు (షూరిటీ లేకుండా తనే రాసిచ్చే హామీ) మీద విడుదల చేయమన్నారు. మీ లాయరు ఈ తీర్పు చూపించి షరతు సడలించమని పిటిషన్ వేయాలి. మేజిస్ట్రేటు ఒప్పుకోకపోతే సెషన్స్ కోర్టుకు పోవచ్చు, బాండు మొత్తం తగ్గించే అధికారం బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 484 కింద దానికుంది.

ఇంకోటి. బెయిలిచ్చిన ఏడు రోజుల్లో మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలని, నెలలోగా షూరిటీలు దొరక్కపోతే షరతులు మార్చే సంగతి కోర్టే తనంతట తాను చూడొచ్చని సుప్రీంకోర్టు 2023 జనవరిలో చెప్పింది. మీకు నెల దగ్గరపడుతోంది కాబట్టి వాళ్లు కదులుతారని కూర్చోకుండా కోర్టు ఆవరణలోని ఆ ఆఫీసుకు నువ్వే వెళ్లు. జైల్లో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా లాయరును ఉచితంగా పెడతారు. 15100కు ఫోన్ చేసినా సరే.

నాకు బాధనిపించింది మాత్రం మొదటిరోజు సంగతే. ఏడేళ్లలోపు శిక్షపడే కేసుల్లో పోలీసులు మామూలుగా నోటీసిచ్చి పిలవాలి, అరెస్టే చేస్తే ఎందుకు తప్పలేదో రాసి చూపాలి, ఆ కారణాలు సరిగా ఉన్నాయో లేదో చూడకుండా మేజిస్ట్రేటు రిమాండ్ వేయకూడదు, 2014 ఆర్నేష్ కుమార్ తీర్పు చెప్పిందిదే. ఆ పూట మీ తరఫున ఎవరూ ఈ మాట ఎత్తినట్టు లేదు. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలన్న నిబంధన ఊరికే పెట్టలేదు, దెబ్బలు తగిలి ఉంటే చెప్పుకోవడానికీ, లాయరు కావాలని అడగడానికీ అదే చోటు. రిమాండ్ అంటే శిక్ష పడ్డట్టు కాదు, ఊళ్లో ఎవరేమన్నా టెన్షన్ పడకు.

ఒకవేళ అప్పటికీ లోపలే ఉండి, అరెస్టయి మొదటిసారి రిమాండైన రోజు నుంచి 60 రోజుల్లో ఛార్జిషీటు రాకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. కానీ అడిగితేనే, అదీ ఛార్జిషీటు పడకముందే అడగాలి. వెళ్లేటప్పుడు బెయిలు ఆర్డరు కాపీ, కేసు నంబరు, మీవాళ్ల ఆధార్, ఇంటిపన్ను రశీదులు వెంట పెట్టుకో.