చరిత్ర ప్రశ్నలు: మూడు తరాలు, రెండు మేనరికాలు

ప్రశ్న: ఈమధ్య చోళుల సినిమా చూశాక మా ఇంట్లో పెద్ద వాదన. అందులో కుందవై మన రాజరాజ నరేంద్రుడి తల్లేనని మా మామగారు, కాదని మావారు. ఎవరిది నిజం? అసలు ఆ సంబంధం వల్ల మనకు ఒరిగిందేమిటి?
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీ మామగారికి పేరు గుర్తుంది, మనిషి మారిందమ్మా. సినిమాలో కుందవై రాజరాజ చోళుడి అక్క. ఆయన తన కూతురికీ అక్క పేరే పెట్టుకున్నాడు. వేంగికి కోడలిగా వచ్చింది ఆ కూతురు. మన పుస్తకాల్లో ఆమె కుందవ్వ.

సంబంధం ఎలా కుదిరిందంటే, 973లో జటాచోడ భీముడు వేంగి రాజు దానార్ణవుణ్ణి చంపి రాజ్యం లాక్కున్నాడు. దానార్ణవుడి కొడుకులు పారిపోయి చోళుల పంచన చేరారు. పాతికేళ్లు దాటాక రాజరాజ చోళుడు సైన్యాన్ని పంపి పెద్దవాడు శక్తివర్మను గద్దెనెక్కించాడు. చిన్నవాడు విమలాదిత్యుడికి పిల్లనిచ్చాడు. ఊరికే ఇవ్వలేదు. కన్నడ సీమనేలే పడమటి చాళుక్యులతో ఆయనకు పగ, వాళ్లకు పక్కలో బల్లెంలా వేంగి కావాలి.

కాలేజీలో ఈ వంశవృక్షాన్ని బోర్డు మీద గీస్తే గీతలు ఒకదాని మీద ఒకటెక్కి ముగ్గు చెరిపినట్టయ్యేది. ఒకసారి వెనక బెంచీలోంచి ఓ అమ్మాయి, "మేనరికం సార్!" అంది. ఆ రోజు నుంచి బాణం గుర్తులు మానేసి వరసలతోనే పాఠం చెప్పాను.

మీరూ వరసలతోనే చూడండి. విమలాదిత్యుడి కొడుక్కి పెట్టింది అమ్మమ్మగారింటి తాతపేరు, రాజరాజు. మన రాజరాజ నరేంద్రుడంటే ఇతనే. అతనికి సవతి తమ్ముడు విజయాదిత్యుడితో గొడవ, తమ్ముడి వెనక పడమటి చాళుక్యులు. తండ్రి పోయాక 1022 దాకా పట్టాభిషేకమే జరగలేదు. అదీ మేనమామ రాజేంద్ర చోళుడి సైన్యం వస్తేనే. ఆ మేనమామ కూతురు అమ్మంగదేవినే పెళ్లాడాడు. వాళ్ల కొడుక్కీ తాతపేరే, రాజేంద్రుడు. అతనూ మేనమామ కూతురు మధురాంతకినే చేసుకున్నాడు. నాయనమ్మ, తల్లి, భార్య ముగ్గురూ చోళుల ఇంటి ఆడపిల్లలే. ఇక అతన్ని పరాయివాడని ఎవరంటారు?

1070లో వీరరాజేంద్ర చోళుడు పోయాడు. ఆయన అల్లుడు, పడమటి చాళుక్య విక్రమాదిత్యుడు, బావమరిది అధిరాజేంద్రుణ్ణి గద్దె మీద కూర్చోబెట్టి ఇంటిదారి పట్టాడు. ఆ బావమరిది కొద్ది నెలలకే చనిపోయాడు. మన రాజేంద్రుడు వెళ్లి ఆ గద్దెక్కాడు. కులోత్తుంగ చోళుడంటే అతనే. యాభై ఏళ్లు ఏలాడు. సుంకాలు ఎత్తేశాడని తమిళులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఒరిగిందేమిటంటారా? మనవాడు చోళ చక్రవర్తి అయ్యాడని మా ఊళ్లో మురిసిపోతారు. నాకు అంత మురిపెం లేదు. 624 నుంచి సొంత రాజులున్న వేంగి, కులోత్తుంగుడు కొడుకుల్ని పంపి ఏలించే ఎస్టేటు అయిపోయింది. మొదట వచ్చిన ముమ్మడి చోడుడు ఏడాదికే వెనక్కి వెళ్లిపోయాడు. ఏలుబడి కంటే అమ్మానాన్నల పాదసేవే సుఖమట. శాసనంలోనే ఉంది! రాజరాజ నరేంద్రుడి కొలువులో మొదలైన భారతం అరణ్యపర్వం మధ్యలో ఆగి, మళ్లీ 13వ శతాబ్దంలో నెల్లూరు సీమలో తిక్కన చేతికి వచ్చింది. నన్నయ ఆగిపోవడానికి ఈ పెళ్లిళ్లే కారణమని నేననను. కానీ ఆ భారతాన్ని అడిగి రాయించుకునే రాజు రాజమహేంద్రవరంలో లేకుండా పోయాడు కదా.

ప్రశ్న: ఇలా ఇచ్చిన రాజకుమార్తెల మాట ఎక్కడైనా వినిపిస్తుందా?
— ఒక డిగ్రీ విద్యార్థిని, గుంటూరు

జవాబు: చాలా తక్కువ. మీ జిల్లాలోనే ఒకటుంది. కాకతి గణపతిదేవుడు కూతురు గణపాంబను ధరణికోట కోట బేతరాజుకిచ్చాడు. అదీ రాజకీయ సంబంధమే. భర్త పోయాక ఆమె ఆ రాజ్యాన్ని తానే ఏలింది. భర్త పేరున బేతేశ్వరాలయం కట్టించింది, అమరేశ్వరుడి గుడికి బంగారు కలశాలు ఎత్తించింది. ఆమె శాసనం యనమదలలో దొరికింది.