తాతలు చేసినదానికి మనుమల పూచీ ఎంత?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలోని కెంటకీ రాష్ట్రం, లూయీవిల్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. కిందటి వేసవిలో మేము వెళ్ళినప్పుడు వాళ్ళ వీధిలో ఉండే తెల్లజాతి దంపతులు పరిచయమయ్యారు. తమ చర్చిలో తెల్లవారే కొందరు వారానికొకసారి కూర్చుని, నల్లవారికి తమ సమాజం చేసిన అన్యాయాన్ని గురించి చదువుకుంటున్నామనీ, దాన్ని సరిదిద్దడంలో తమ వంతు బాధ్యత తీసుకోదలచామనీ చెప్పారు. వారి మంచితనాన్ని నేను శంకించడం లేదు. అయితే బానిసత్వం పోయి నూటయాభై ఏళ్ళు దాటింది. ఎవరినీ పల్లెత్తు మాట అనని మనుషులు తాతముత్తాతలు చేసినదానికి ఎందుకు పూచీ పడాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: బానిసత్వం 1865లో రద్దయిన మాట నిజమే. కానీ ఆ దంపతులు చదువుకుంటున్న చరిత్రలో చాలా భాగం వాళ్ళ అమ్మానాన్నల కాలంలో జరిగినదే అయివుంటుంది. 1934లో ఏర్పడిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్, సామాన్యులు ఇల్లు కొనుక్కోవడానికి తీసుకునే అప్పులకు ప్రభుత్వం తరఫున హామీ ఇచ్చేది. నల్లవారు నివసించే పేటలకు మాత్రం ఆ హామీ దాదాపు దొరికేది కాదు. అదే దశకంలో మరో ప్రభుత్వ సంస్థ గీయించిన పటాల్లో అలాంటి పేటలకు ఎర్ర రంగు పూసి, అక్కడ అప్పు ఇవ్వడం ప్రమాదమని గుర్తుపెట్టారు. ఇల్లు అమ్మేటప్పుడూ అద్దెకిచ్చేటప్పుడూ జాతిని చూడడం నేరమని దేశమంతటికీ వర్తించే చట్టం వచ్చింది 1968లో, అదీ మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి. ఈ మధ్యకాలంలో హామీ దొరికిన తెల్ల కుటుంబం కొన్న ఇల్లు విలువ పెరిగి పిల్లల చదువుగా, వారి వ్యాపారానికి పెట్టుబడిగా మారింది. అదే ఊళ్ళో అంతే జీతం తెచ్చుకున్న నల్ల కుటుంబం అద్దె కడుతూ ఉండిపోయింది. తండ్రి ఆస్తి పంచుకున్న కొడుకు తండ్రి చేసిన అప్పుతో నాకు సంబంధం లేదంటే మన ఊళ్ళలో పెద్దమనుషులు ఒప్పుకోరు. ఆ దంపతులు అంటున్నదీ ఇంతేనని నాకు తోస్తున్నది. తప్పు చేశామని వాళ్ళు అనడం లేదు, చేతికి వచ్చినదాని లెక్క చూసుకుంటున్నారు.

మీ అబ్బాయి ఉంటున్న ఊరికే ఈ విషయంలో పెద్ద చరిత్ర ఉంది. 1954లో ఆండ్రూ వేడ్ అనే నల్లజాతి మాజీ సైనికుడు, విద్యుత్ పనుల కాంట్రాక్టరు, ఊరి శివారున ఉన్న షైవ్లీలో ఇల్లు కొనాలని తిరిగితే ఎవరూ అమ్మలేదు. అప్పుడు యాన్ బ్రేడెన్, కార్ల్ బ్రేడెన్ అనే తెల్లజాతి పాత్రికేయ దంపతులు అక్కడ ఒక ఇంటిని తమ పేరున కొని వేడ్ కుటుంబానికి బదిలీ చేశారు. సంగతి బయటపడగానే ఇంటి మీద రాళ్ళు పడ్డాయి, తుపాకులు పేలాయి, నల్లవారిని బెదిరించడానికి చేసే పద్ధతిలో పక్క స్థలంలో శిలువను తగలబెట్టారు. జూన్ నెలాఖరులో ఒక రాత్రి వేడ్ దంపతుల పసిబిడ్డ పడుకునే గది కింద డైనమైట్ పేలింది. అదృష్టవశాత్తు ఎవరి ప్రాణమూ పోలేదు. ఆ తరువాత ప్రభుత్వ న్యాయవాది చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది: బాంబు పెట్టినవారిని వదిలేసి, ఇదంతా కమ్యూనిస్టుల కుట్ర అంటూ బ్రేడెన్ దంపతుల మీద రాజద్రోహం కేసు పెట్టాడు. కార్ల్‌కు పదిహేనేళ్ళ జైలు, 5,000 డాలర్ల జరిమానా పడ్డాయి. కొన్ని నెలలు జైల్లో ఉన్నాక బెయిలు దొరికింది. 1956లో ఆ శిక్షను కొట్టివేశారు. బాంబు పెట్టినందుకు మాత్రం ఎవరికీ శిక్ష పడలేదు. వేడ్ కుటుంబమూ ఆ ఇంట్లో స్థిరపడలేకపోయింది.

బ్రేడెన్ దంపతులు ఏం చేశారో గమనించండి. జాలిపడి ఊరుకోలేదు, ఉపన్యాసమూ ఇవ్వలేదు. ఆ రోజుల్లో ఒక తెల్లవాడి సంతకానికి మాత్రమే దక్కే వెసులుబాటును తీసుకెళ్ళి, అది దక్కని మనిషికి అక్కరకు తెచ్చారు. అలబామాలో, జాతుల వేర్పాటును సహజమనుకునే కుటుంబంలో పెరిగిన యాన్, 2006లో కన్నుమూసేదాకా ఆ పని మానలేదు. లూయీవిల్ విశ్వవిద్యాలయంలో ఆమె పేరున సామాజిక న్యాయ పరిశోధనా సంస్థ ఉంది. మీ అబ్బాయికి ఆసక్తి ఉంటే వెళ్ళి చూడమనండి.

చర్చిలో చదువుకోవడం మంచి మొదలే గాని, అక్కడే ఆగిపోతే దానివల్ల నల్లవారికి ఒరిగేది ఏమీ లేదని నా అభిప్రాయం. జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయాన్ని నడిపే జెసూట్ మతగురువులు అప్పులు తీర్చుకోవడానికి 1838లో 272 మంది బానిసలను అమ్మేశారు. 2019లో అక్కడి విద్యార్థులు, ఆ బానిసల వారసుల మేలు కోసం సెమిస్టరుకు 27 డాలర్ల 20 సెంట్లు అదనపు రుసుము తాము కట్టడానికి సిద్ధమని ఓటు వేశారు. ఇలినాయ్ రాష్ట్రంలోని ఎవాన్‌స్టన్ నగరం, 1919 నుంచి 1969 దాకా అక్కడ ఇళ్ళ విషయంలో వివక్షకు గురైన నల్లవారికీ వారి సంతతికీ ఇంటి ఖర్చుల కోసం 25,000 డాలర్ల చొప్పున ఇవ్వాలని 2021లో తీర్మానించింది. జరిగిన నష్టం ముందు ఈ మొత్తాలు చిన్నవే. కానీ ఇక్కడ పశ్చాత్తాపం మాటల్లోంచి బడ్జెట్‌లోకి వచ్చింది.

ప్రశ్న: 1960లలో నల్లవారి హక్కుల కోసం ప్రాణాలిచ్చిన తెల్లవారు ఉన్నారు. అయినా ఆ ఉద్యమ సంఘాల్లో ఒకటి తరువాత తెల్లవారిని పొమ్మన్నదని చదివాను. ఇది చేసిన మేలు మరవడం కాదా?
– ఒక విద్యార్థి, వరంగల్లు

జవాబు: మీరు చెబుతున్నది స్నిక్ అని పిలిచే విద్యార్థి అహింసా సమన్వయ సంఘం. 1964 వేసవిలో నల్లవారిని ఓటర్లుగా నమోదు చేయించడానికి ఉత్తరాది కాలేజీల నుంచి సుమారు వెయ్యి మంది, ఎక్కువగా తెల్ల విద్యార్థులు, మిసిసిపీ రాష్ట్రానికి వెళ్ళారు. జూన్ 21న అక్కడి తెల్లజాతి దురహంకారులు, ఈ పనిలో ఉన్న జేమ్స్ చేనీ అనే నల్లజాతి యువకుడినీ, ఆండ్రూ గుడ్‌మన్, మైకేల్ ష్వెర్నర్ అనే ఇద్దరు తెల్లవారినీ చంపి మట్టికట్టలో పూడ్చేశారు. దేశమంతా గగ్గోలెత్తింది. వాళ్ళ కోసం వెతుకుతున్నప్పుడు నదిలో వేరే నల్లజాతి యువకుల శవాలు బయటపడ్డాయి. ఆ నల్ల యువకులు కనబడకుండా పోయినప్పుడు ఏ పత్రికా అడగలేదు. చేనీ ఒక్కడే పోయి ఉంటే ఎవరూ పట్టించుకునేవారు కాదని ష్వెర్నర్ భార్య రీటా, అంత దుఃఖంలోనూ, విలేకరులతో అన్నది.

పైగా చదువుకున్న తెల్ల కుర్రవాళ్ళు కార్యాలయాల్లో కూర్చుంటే, అదే ఊళ్ళో ఏళ్ళ తరబడి దెబ్బలు తిని నిలబడ్డ నల్ల రైతులు వాళ్ళ మాటకే తలూపే పరిస్థితి వచ్చింది. సంఘం 1966లో స్వల్ప తేడాతో తీసుకున్న నిర్ణయం వెనక ఈ అనుభవం ఉంది. మీరు పోయి మీ వాళ్ళ మధ్య పని చేయండి, రోగం ఉన్నది అక్కడే, అన్నారు. కష్టమైన పనిని అప్పగించారు గాని మేలు మరవలేదు. నల్లవారి సభలో చప్పట్లు కొట్టించుకోవడం తేలిక. సొంత బాబాయి ఎదుట, సొంత చర్చిలో నోరు విప్పడం కష్టం. ఆ సంఘంలో పనిచేసిన బాబ్ జెల్‌నర్ అనే అలబామా తెల్ల యువకుడు, తాత నల్లవారి మీద హింసకు దిగే కు క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి ముఠా మనిషి, బయటికి వచ్చాక దక్షిణాదిలో కలప కొట్టే తెల్ల, నల్ల కూలీలను ఒకే సంఘంలోకి తెచ్చే పనిలో దిగాడు.

ప్రశ్న: మనం తెల్లవాళ్ళమూ కాము, నల్లవాళ్ళమూ కాము, ఈ గొడవ మనకెందుకు అని అమెరికాలో ఉన్న మా బంధువులు అంటారు. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ, తాను ఉన్నత కులానికి చెందిన ఆర్యుణ్ణి గనుక తెల్లవాడి కిందకే వస్తానని వాదించి పౌరసత్వం అడిగితే, అమెరికా సుప్రీంకోర్టు 1923లో ఆ వాదనను తోసిపుచ్చింది. 1946 దాకా మనవారికి ఆ హక్కు దొరకలేదు. మన ఇంజినీర్లకూ డాక్టర్లకూ తలుపు తీసిన వలస చట్టం 1965 అక్టోబరులో వచ్చింది, నల్లవారు రక్తం ధారపోసి ఓటు హక్కు చట్టాన్ని సాధించిన రెండు నెలలకు. ఆ ఉద్యమం లేకుంటే ఈ చట్టం ఇలా వచ్చేది కాదు. 2017లో కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేథాలో మా దేశం విడిచి పొమ్మని అరుస్తూ ఒక తెల్లవాడు మన శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చి చంపినప్పుడు, అతణ్ణి అడ్డుకోబోయి తూటా తిన్న ఇయాన్ గ్రిలట్ కూడా తెల్లవాడే. అతడికి మనం ఎవరం?

సియాటిల్ నగరసభ 2023లో కులవివక్షను నిషేధించినప్పుడు భారతీయ సంఘాలు కొన్ని తీవ్రంగా వ్యతిరేకించాయి. తెల్లవారి నుంచి మనం కోరే బాధ్యత మన వంతు వచ్చేసరికి అవమానంగా ఎలా మారుతుందో మీ బంధువులతో కూర్చుని మాట్లాడండి.

వాళ్ళలో ఎవరైనా 1948కి ముందు కట్టిన ఇంట్లో ఉంటే పాత దస్తావేజు తీయించి చదవమనండి. మినియాపొలిస్ నగరంలో 1910 నాటి ఒక దస్తావేజు ఆ స్థలాన్ని నల్లవారికే కాదు, చైనా, జపాను, టర్కీ సంతతి వారికి కూడా అమ్మరాదని, అద్దెకివ్వరాదని షరతు పెట్టింది. ఇలాంటి షరతులను కోర్టులు అమలు చేయరాదని సుప్రీంకోర్టు 1948లో తీర్పు చెప్పినా, అక్షరాలు కాగితం మీద అలాగే ఉండిపోయాయి. వాటిని తిరస్కరిస్తున్నట్టు రిజిస్టరు చేయించుకునే వీలును ఆ నగరం ఉన్న మినెసోటా రాష్ట్రం 2019లో కల్పించింది. మరికొన్ని రాష్ట్రాల్లోనూ అలాంటి ఏర్పాటు ఉంది. కౌంటీ (మన జిల్లా లాంటిది) కార్యాలయంలో అడిగితే పద్ధతి చెబుతారు.