మాత్ర వేస్తే కుదురుగానే ఉంటున్నాడు, మరి ఎన్నేళ్ళు వేయాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది రాయగడ. మా బాబుకి పదేళ్ళు. ఏడీహెచ్‌డీ (కుదురుగా ఉండలేకపోవడం, దేనిమీదా మనసు నిలపలేకపోవడం) అని విశాఖలో చెప్పి మిథైల్‌ఫెనిడేట్ మాత్ర రాశారు, రెండేళ్ళుగా వేస్తున్నాం. స్కూల్ నుంచి కంప్లయింట్లు తగ్గాయి గానీ మార్కులు అంతంతమాత్రమే. మధ్యాహ్నం డబ్బాలో పెట్టిన పులిహోర పెట్టింది పెట్టినట్టే ఇంటికి తెస్తున్నాడు. రెండేళ్ళ కిందట కొన్న ప్యాంట్లు ఇప్పటికీ సరిపోతున్నాయి. ‘పిల్లాణ్ణి మందుకి అలవాటు చేస్తున్నావు, మజ్జిగౌరమ్మకి మొక్కుకుంటే పోయేదానికి’ అని మా అత్తగారు రోజూ అంటున్నారు. జీవితాంతం వేయాలా? ఆపేస్తే ఏమవుతుంది?
– ఒక తల్లి, రాయగడ

జవాబు: అమ్మా, ముందు ప్యాంట్ల సంగతి చూద్దాం. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది అదే. పదేళ్ళ పిల్లాడికి రెండేళ్ళ నాటి ప్యాంటు సరిపోతోందంటే ఈ వారంలోనే ఎత్తూ బరువూ కొలిపించి, పాత చీటీల్లో ఉన్న అంకెలతో పోల్చి చూడాలి. ఈ మందు ఆకలిని చంపుతుంది, ఎదుగుదలని కొంత నెమ్మదింపజేస్తుంది, ఇందులో దాచేదేమీ లేదు. అమెరికా, కెనడాల్లో 579 మంది పిల్లలతో మొదలుపెట్టి పెద్దయ్యేదాకా గమనించిన ఒక అధ్యయనంలో, మందు వాడినవాళ్ళు సగటున ఓ అంగుళం దాకా పొట్టిగా తేలారు, మధ్యలో మానకుండా ఏళ్ళ తరబడి వాడినవాళ్ళలో తేడా ఇంకాస్త ఎక్కువ. కొలుస్తూ ఉంటే తేడాని తొందరగా పట్టుకోవచ్చు: ఈ వయసులో బరువు మూడు నెలలకోసారి, ఎత్తు ఆరు నెలలకోసారి, మోతాదు మార్చినప్పుడల్లా బీపీ, నాడి. మీ డాక్టరు ఇవి చూడకుండా పాత చీటీనే తిరగరాస్తుంటే మీరే అడగండి, మొహమాటపడకండి.

తిండి విషయంలో చిన్న మార్పు చేయండి. పొద్దున మాత్రకి ముందే కడుపునిండా టిఫిన్ పెట్టండి, మధ్యాహ్నం డబ్బా మీద ఆశ పెట్టుకోకండి, సాయంత్రం మందు ప్రభావం దిగాక ఆకలి తిరిగొస్తుంది కాబట్టి అప్పుడు పప్పన్నం, గుడ్డు, పాలు, రాత్రి పడుకునే ముందు ఇంకోసారి ఏదైనా. కొందరు పిల్లలు మందు దిగే వేళకి చిరాకుపడతారు, ఏడుస్తారు కూడా. మొండితనం అనుకుని రెండు తగిలించేరు! నిద్ర ఆలస్యమైతే అదీ డాక్టరుకి చెప్పండి, మాత్ర వేసే వేళ మారిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది.

ఇక ఎన్నేళ్ళు పనిచేస్తుందన్నది. ఇందాక చెప్పిన అధ్యయనంలోనే 1999లో వచ్చిన ఫలితం ఏమిటంటే, 14 నెలల పాటు మోతాదు జాగ్రత్తగా సరిచూస్తూ మందు ఇచ్చిన పిల్లలు, ప్రవర్తన శిక్షణ మాత్రమే తీసుకున్న పిల్లలకంటే బాగా కుదురుకున్నారు. మూడేళ్ళకి చూస్తే ఆ గుంపుల మధ్య తేడా కనిపించలేదు. మందు చచ్చుబడిందని కొందరు, ఆ పద్నాలుగు నెలలూ అయ్యాక అంత జాగ్రత్తగా చూసేవాళ్ళు లేకపోవడం వల్లనీ, ఎవరికి తోచింది వాళ్ళు వాడటం వల్లనీ అని ఇంకొందరు, ఈ వాదన ఇప్పటికీ తెగలేదు. నాకు ఎక్కువ ఉపయోగపడేది నెదర్లాండ్స్‌లో చేసిన చిన్న పరీక్ష, 2019లో వచ్చింది. రెండేళ్ళకి మించి ఇదే మందు వాడుతున్న 94 మందిలో కొందరికి అసలు మాత్ర కొనసాగించారు, కొందరికి ఎవరికీ తెలియకుండా మెల్లగా ఉత్తుత్తి మాత్రకి మార్చారు. మార్చినవాళ్ళలో నూటికి 40 మందికి లక్షణాలు ముదిరాయి, కొనసాగించినవాళ్ళలో 16 మందికి. అంటే రెండేళ్ళ తరవాత కూడా కొందరికి మందు నిజంగానే పనిచేస్తోంది, చాలామందికి ఆపినా పెద్దగా ఏమీ కాలేదు. మీవాడు ఏ కోవలోకి వస్తాడో ఆపి చూస్తేనే తెలుస్తుంది. అందుకని ఏడాదికోసారి, పరీక్షలు లేని రోజుల్లో, డాక్టరుకి చెప్పి కొన్ని వారాలు ఆపి చూడటం మంచి పద్ధతి. స్కూల్ నడుస్తున్నప్పుడైతే ఇంకా మేలు, టీచరు ఏమంటారో వినొచ్చు.

అత్తగారి భయానికి జవాబు: డాక్టరు చెప్పిన మోతాదులో వాడిన పిల్లలు పెద్దయ్యాక మత్తుకి బానిసలయ్యే అవకాశం పెరుగుతుందని పరిశోధనల్లో తేలలేదు. మొక్కు ఆవిడ మొక్కుకోనివ్వండి, అమ్మవారు మాత్రలు మానమని చెప్పలేదుగా.

మార్కుల గురించి ఒక మాట. మందు పిల్లాణ్ణి కూర్చోబెడుతుంది గానీ పాఠం చెప్పదు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు, మధ్యలో హిందీ కూడా ఉంటే మామూలు పిల్లలే తడబడతారు. చదవడంలోనే వేరే లోపం ఉందేమో పరీక్ష చేయించారా? ఏడీహెచ్‌డీతో పాటు డిస్లెక్సియా ఉండటం మామూలే, దానికి ఏ మాత్రా లేదు, విడిగా నేర్పించాల్సిందే.

మాత్రలు అయిపోయేదాకా ఆగకండి. ఇది షెడ్యూల్ ఎక్స్ మందు, ప్రత్యేక లైసెన్సు ఉన్న షాపులోనే, చీటీ రెండు కాపీలుంటేనే ఇస్తారు. ఫోన్‌లోనో వీడియోలోనో చూసి రాయడానికి నిబంధనలు ఒప్పుకోవు. విశాఖ రైలు ఎక్కక తప్పదు కాబట్టి ఇంకా పది రోజుల మాత్రలు ఉండగానే టికెట్ చేయించుకోండి.

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేనేళ్ళు. ఏడీహెచ్‌డీకే అటోమాక్సెటిన్ అనే మాత్ర మొదలుపెట్టి పది రోజులైంది, వికారం తప్ప ఏ మార్పూ లేదు. మానేయాలా?
– ఒక తండ్రి, బరంపురం

జవాబు: అప్పుడే మానకండి. మిథైల్‌ఫెనిడేట్ వేసిన రోజే తెలుస్తుంది, ఇది అలా కాదు, ఫలితం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అన్నం తిన్నాక వేస్తే వికారం తగ్గుతుంది. అయితే మొదటి నెలల్లో అమ్మాయి మనసు ఎలా ఉందో కనిపెట్టి ఉండండి. ముభావంగా ఉండటం, ఉన్నట్టుండి కోపం, ‘నేను లేకపోతే బాగుణ్ణు’ లాంటి మాటలు వినిపిస్తే ఆ రోజే డాక్టరుకి చెప్పాలి, ఈ మందుతో కొద్దిమంది పిల్లల్లో అలాంటి ఆలోచనలు రావచ్చు. రాత్రివేళ ఎవరూ దొరక్కపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. చాలా అరుదే గానీ కళ్ళు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం కనిపిస్తే మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.