యుద్ధం లేనప్పుడు ఇంత ఖర్చెందుకు?

ప్రశ్న: తోతాపురి మామిడికి ధర లేక రైతులు గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లతో రాత్రంతా పడిగాపులు కాస్తుంటే, యుద్ధమే లేని కాలంలో రక్షణకు లక్షల కోట్లు పోయడం అవసరమా సార్?
– ఓ పాఠకుడు, బంగారుపాళ్యం, చిత్తూరు జిల్లా

జవాబు: మీ కోపం న్యాయమే. కానీ యుద్ధం మొదలయ్యాక ఆర్డరిస్తే విమానం వచ్చేస్తుందా? మన సొంత యుద్ధవిమానం తేజస్ పని 1983లో మొదలైతే తొలిసారి గాల్లోకి లేచింది 2001లో. కొనడమూ అంతే, 126 యుద్ధవిమానాలకు 2007లో టెండర్ పిలిచి, ఏళ్ల తరబడి బేరాలాడి, చివరికి దాన్ని రద్దుచేసి 36 రఫేల్‌లతో సరిపెట్టుకున్నాం. ఈలోపు 1963లో వాయుసేనలో చేరిన మిగ్-21 రకం విమానాన్ని 2025 దాకా లాగాం. 1962 చైనా యుద్ధంలోనైతే మన జవాన్లు హిమాలయాల చలిలో చాలీచాలని బట్టలతో, పాత త్రీనాట్‌త్రీ రైఫిళ్లతో నిలబడ్డారు. ఆధునికీకరణకు టైం దొరికేది శాంతి ఉన్నప్పుడే.

అలాగని బడ్జెట్ పెంచితే చాలనే వాళ్లతోనూ నాకు పేచీ ఉంది. 2025-26లో రక్షణకిచ్చిన 6.81 లక్షల కోట్లలో పింఛన్లకే 1.6 లక్షల కోట్లు, కొత్త ఆయుధాలూ పరికరాల్లాంటి వాటికి 1.8 లక్షల కోట్లు. (పింఛన్లు దండగ అనడం లేదండోయ్, మాజీ సైనికులు మాట వింటే ఊరుకోరు!) పెంచే ప్రతి రూపాయీ ఎటు పోతోందో అడగాలి. శ్రీహరికోట నుంచి 2018లో వాయుసేన కోసం పంపిన జీశాట్-7ఏ సమాచార ఉపగ్రహం లాంటి వాటికైతే నా ఓటు ఎప్పుడూ ఉంటుంది. మామిడి ధర గొడవ మాత్రం రక్షణ శాఖ మీదికి తోయకండి, దానికి నిలదీయాల్సిన వాళ్లు వేరే ఉన్నారు.