చిన్నోడికి, కప్పల గురక గురించి

ఒరే చిన్నోడా, పాపకి స్కూల్లో కప్పల ప్రాజెక్ట్ ఇచ్చారు, లెపర్డ్ ఫ్రాగ్, అదే ఒంటి నిండా మచ్చలుండే కప్ప, చూపించాలి పెదనాన్నా అన్నావు కదా, ఫోన్లో చెబితే సగం వినవు నువ్వు, అందుకే రాస్తున్నా.

ముందు మన ఊరి లెక్క మర్చిపో. అక్కడ తొలకరి పడగానే బెకబెక మొదలు, ఇక్కడ అమెరికాలో, మన మిన్నెసోటాలో వానతో పని లేదు, ఐస్ కరిగి నీళ్లు కాస్త వెచ్చబడితే చాలు, ఏప్రిల్ నెలాఖరు, మే అంతే సీజను. నేను మొదట్లో బెకబెక కోసమే చెవులు రిక్కించి రెండేళ్లు ఏమీ వినపడక తిరిగొచ్చేశా, తీరా చూస్తే వినపడుతూనే ఉందిరా, పక్క కార్లో ఎవరో గురకపెట్టి పడుకున్నారనుకున్నా! అదే లెపర్డ్ ఫ్రాగ్ అరుపు. రెండు మూడు సెకన్లు సన్నగా గురక, వెనకాలే గునుగుడు, బెలూన్ని తడి వేలితో రుద్దితే వస్తుందే, ఆ సౌండు. దువ్వెన పళ్ల మీద గోరుతో గీసినట్టు గట్టిగా వినపడితే అది కోరస్ ఫ్రాగ్ అనే ఇంకో రకం కప్ప, దాని గోలలో మనది మునిగిపోతుంది, కాబట్టి ఇంజను ఆపేసి పది నిమిషాలు నోరు మూసుకుని కూర్చోండి. పాప కూర్చుంటుంది, నీ మీదే నాకు డౌటు.

జూన్ దాటాక చెరువు దగ్గర వెతికితే టైం వేస్టు. గుడ్లు పెట్టేశాక గడ్డి మైదానాల్లోకి పోతాయి, పురుగులు, మిడతలు, సాలీళ్లు, వానపాములు తింటూ అక్కడే ఉంటాయి, నోట్లో పట్టేదైతే చిన్న కప్పని కూడా వదలదు. వేసవి మధ్యలో పిల్లకప్పలు నీళ్లలోంచి ఒక్కసారిగా బయటికొస్తాయి, చెరువు పక్క లాన్ కోసేటప్పుడు ముందు ఒకసారి నడిచి చూసుకో. చలికాలం మళ్లీ చెరువు అడుగుకే, పైన ఐస్ కట్టినా కింద ఆక్సిజన్ ఉంటే బతికేస్తాయి.

దాన్ని తినేవాళ్లకి కొదవ లేదు, గార్టర్ పాము, కొంగ, రకూన్, చేపలు, ఆఖరికి బుల్‌ఫ్రాగ్ అనే పెద్ద కప్ప కూడా. పాపం ఒంట్లో విషం లేదు, అటూ ఇటూ వంకరగా గెంతి పారిపోవడమే. దాన్లాగే ఉండే పికరెల్ ఫ్రాగ్ మాత్రం చర్మంలో విషం పెట్టుకుంటుంది, మచ్చలు చూడు, గుండ్రంగా ఉంటే మనది, చదరంగా రెండు వరసల్లో ఉంటే అది.

1995లో ఇక్కడే హెండర్సన్ దగ్గర స్కూలు పిల్లలు చెరువుకెళ్తే కాళ్లు వంకరపోయినవీ, ఎక్కువ కాళ్లున్నవీ బోలెడు లెపర్డ్ ఫ్రాగ్స్ దొరికాయి, దేశమంతా న్యూస్ అయింది. తర్వాత పరిశోధనల్లో ఒక పరాన్నజీవి కారణం అని తేలింది, అన్నిటికీ అదొక్కటే కాదులే. పాప ప్రాజెక్ట్‌లో ఇది రాయమను.

దోమల మందు మాత్రం చేతులకి రాసుకుని కప్పని పట్టుకోకండి, చర్మంతోనే పీల్చుకుంటుంది అది. ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుని, చేతులు మామూలు నీళ్లతో తడుపుకుని పట్టుకోవాలి, వదిలాక సబ్బుతో కడుక్కోవాలి. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు నా గరాజ్‌లో ఉన్నాయి, శనివారం వచ్చి పట్టుకెళ్లు.