కొండవీడు గేమ్‌లో చావు సీన్ ఎందుకు పండట్లేదంటే

తప్పు డైలాగుల్లో లేదండి. మీరు చేస్తున్న యుద్ధం గేమ్‌లో, 1515 కొండవీడు ముట్టడి కథలో సైనికుడు చనిపోతే ఆడేవాళ్లెవరికీ బాధ కలగట్లేదన్నారు. మరుసటి టర్న్‌లోనే (ఆటలో వంతు) డబ్బిచ్చి అలాంటివాణ్ణే కొనుక్కోవచ్చు, ఇక ఏడుపెందుకొస్తుంది?

1. దళానికి ఇద్దరికైనా పేరు, ఊరు పెట్టండి.

2. పోయినవాడు తర్వాతి మిషన్లలో కూడా కనిపించకూడదు. 1990 నాటి మొదటి ఫైర్ ఎంబ్లమ్ అనే యుద్ధం గేమ్ పద్ధతి ఇదే.

3. అందరూ మర్చిపోయేది సేవ్, అంటే ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచుకోవడం. ఎక్కడపడితే అక్కడ సేవ్ ఇస్తే మనవాడు పోగానే వెనక్కి లోడ్ చేస్తారు. టర్న్ చివర గేమ్ తనంతట తానే చేసే ఒక్క ఆటోసేవే ఉంచి, పాతదాని మీదే రాయించండి. గుంటూరులో మా ఫ్రెండ్స్‌తో ఆడించాక గానీ నాకూ ఇది తట్టలేదు.

సేవ్ బిగించాక శత్రువుల దెబ్బ కాస్త తగ్గించండి, లేకపోతే మధ్యలోనే మానేస్తారు. అడ్వాన్స్ వార్స్ అనే యుద్ధం గేమ్‌లా సరదాగా నడిపేదైతే పేర్లు లేని దళాలు చాలు. మీది ఆ తరహా కాదుగా.