ఎల్‌ఈడీ ఇండికేటర్లు టకటకమంటుంటే

తమ్ముడూ, యమహా ఎఫ్‌జెడ్‌కి ఎల్‌ఈడీ ఇండికేటర్లు వేశాక మరీ వేగంగా కొట్టుకుంటున్నాయి, కొత్తగా కొన్న కుడి అద్దం మర ఎక్కడం లేదు అన్నావు కదా.

ముందు అద్దం. బలవంతంగా తిప్పొద్దు, మర పోతుంది. యమహాలో కుడి అద్దానికి రివర్స్ మర ఉంటుంది, ఎడమకి తిప్పితేనే బిగుస్తుంది. ముందు నుంచి ఏదైనా తగిలితే విరక్కుండా వదులవ్వాలని అలా పెట్టారు. నువ్వు కొన్నది మామూలు మరది. మర మార్చే అడాప్టర్ అడుగు, చిన్న ముక్కే.

ఇక ఇండికేటర్లు. పాత బల్బు ఒక్కోటి 10 వాట్లు, ఎల్‌ఈడీ ఒకటి రెండు వాట్లు మించదు. కరెంటు తగ్గేసరికి ఫ్లాషర్ రిలే, అంటే ఇండికేటర్లని వెలిగించి ఆర్పే చిన్న డబ్బా, బల్బు పోయిందనుకుని వేగం పెంచుతుంది. కొందరు పాత బల్బంత కరెంటు లాగేలా రెసిస్టర్ పెట్టమంటారు. అది బాగా వేడెక్కుతుంది, ప్లాస్టిక్ పక్కన నాకైతే భయం. ఎల్‌ఈడీకి పనిచేసే రిలే కొనుక్కో, పిన్నులు పాతదానితో సరిపోవాలి. టిక్ టిక్ చప్పుడు వచ్చే చోటే పాతది ఉంటుంది.

రిలే మార్చాక నాలుగూ ఒకేసారి వెలిగితే, మీటర్‌లోని ఒకే ఇండికేటర్ బల్బు గుండా కరెంటు అవతలి వైపుకి పోతున్నట్టు. ఆ బల్బుకి రెండు 1ఎన్4007 డయోడ్లు (కరెంటుని ఒక వైపే పోనిచ్చేవి) వేస్తే సరి.

వైర్లు మాత్రం కోయనివ్వకు. తిరుపతిలో ఒక మెకానిక్ నా బండికి కోసి టేపు చుట్టాడు, తిరుమల ఘాట్ దిగేటప్పుడు వెనక ఇండికేటర్ చచ్చిపోయింది. ఒకదాంట్లో ఒకటి గుచ్చి కలిపే బుల్లెట్ కనెక్టర్లే వాడమను.